ఇంజిన్ బ్రేక్ స్విచ్ పై మెట్లలో పట్టడం లేదు. అసలు ఇది లోపల ఏం చేస్తుంది?

#1 · కొత్త స్టీరింగ్

అందరికీ నమస్కారం. ఆరు సిలిండర్ల హెవీ డీజిల్, మాన్యువల్ గేర్‌బాక్స్. ఇంజిన్ బ్రేక్ స్విచ్‌కి మూడు మెట్లు. మొదటి మెట్టులో టపటపమని శబ్దం వస్తుంది, కొంచెం పడుతుంది. పై మెట్లకు వేస్తే పట్టు పెరగడం లేదు. లోడుతో 6 శాతం దిగుడులో ఫుట్ బ్రేక్ మాటిమాటికీ తొక్కాల్సి వస్తోంది. ఫాల్ట్ లైటేమీ వెలగడం లేదు. టాపెట్లు సెట్ చేయిస్తే సరిపోతుందని వర్క్‌షాప్ మాట. నిజమేనా?

అలాగే ఈ బ్రేక్ లోపల ఏం జరుగుతుందో ఎవరైనా విడమరిచి చెప్తే మేలు. "ఇంజిన్ పట్టేస్తుంది" అన్న మాట తప్ప వివరం ఎక్కడా దొరకలేదు.

#2 · టాపెట్ డాక్టర్

ముందు ఒకటి తేల్చు తమ్ముడూ. రెండో మెట్టులో "పెరగడం లేదు" అంటే మొదటి మెట్టంతే ఉందా, లేక అసలు లేకుండానే పోతోందా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

చెవితో తేల్చొద్దు, గడియారంతో తేల్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, ఒకే గేరులో 1900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దాకా తీసుకెళ్లి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలెయ్. సూది 1800 దాటినప్పటి నుంచి 1300 చేరేదాకా ఎన్ని సెకన్లో పక్కన కూర్చున్నవాళ్లు లెక్కపెట్టాలి. క్లచ్ మీద కాలు పెట్టకూడదు, ఫుట్ బ్రేక్ ముట్టుకోకూడదు. స్విచ్ ఆఫ్‌లో ఒకసారి, ఒక్కో మెట్టులో ఒక్కోసారి. రోడ్డుకు కంటికి కనపడని వాలు ఉంటుంది కాబట్టి అదే చోట ఎదురు దిక్కులోనూ చేసి సగటు తియ్. నాలుగు అంకెలు ఇక్కడ పెట్టు, మిగతాది తర్వాత మాట్లాడదాం.

#3 · గాలిగొట్టం

లోపల ఏం జరుగుతుందో నేను చెప్తాను.

పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ మూసుకుంటుంది. పిస్టన్లు మూసిన దారిలోంచి గాలి పీల్చడానికి గింజుకుంటాయి, ఆ గింజులాటే బండిని ఆపుతుంది. డీజిల్‌కి మామూలుగా అలాంటి థ్రాటిల్ లేదు. కాలు తీస్తే ఇంధనం మాత్రమే ఆగుతుంది, గాలి ఎప్పటిలాగే లోపలికి వస్తూనే ఉంటుంది.

ఆ గాలి సంగతి చూడండి. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి వచ్చి గాలిని సుమారు 17వ వంతుకు నొక్కుతుంది. ఇంధనం లేదు కాబట్టి ఈ నొక్కుడికి కావాల్సిన బలం చక్రాల నుంచి, గేర్‌బాక్స్ మీదుగా, క్రాంక్‌కి వస్తుంది. అంటే బండి వేగం ఖర్చయింది. ఇక్కడిదాకా బ్రేకే. కానీ మరుక్షణం పిస్టన్ దిగడం మొదలుపెట్టగానే నలిగిన గాలి స్ప్రింగులా విచ్చుకుని పిస్టన్‌ని కిందికి తోస్తుంది. తీసుకున్నదాంట్లో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే మామూలు డీజిల్ కాలు తీసినా పెద్దగా పట్టదు. మిగిలేది రాపిడి, పంపుల భారం, అంతే.

కంప్రెషన్ రిలీజ్ బ్రేక్ చేసేది ఒకటే పని: స్ప్రింగు విచ్చుకునే లోపే దాన్ని ఊడబీకుతుంది. పిస్టన్ టీడీసీకి, అంటే పూర్తిగా పైకి చేరే చోటికి, కొంచెం ముందు ఎగ్జాస్ట్ వాల్వ్‌ని మిల్లీమీటరో రెండో తెరుస్తుంది. నలిగిన వేడి గాలి ఫట్‌మని ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లోకి (సిలిండర్ల పొగ కలిసే గొట్టంలోకి) పోతుంది. పిస్టన్ దిగేటప్పుడు దాని వెనక తోసేవాడు లేడు. నొక్కడానికి పెట్టిన శక్తి వేడిగానూ చప్పుడుగానూ సైలెన్సర్ దారి పడుతుంది.

ఆ చప్పుడు లెక్క కూడా సరదాగా ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి, ఆరు సిలిండర్లు, 2000 ఆర్‌పీఎం. నిమిషానికి 6000 పేలుళ్లు, సెకనుకి 100. ఎక్కడా నిప్పు లేదు, గాలి మాత్రమే.

#4 · లోడుబండి

గాలిగొట్టం గారూ, ఎగ్జాస్ట్ బ్రేక్, జేక్ బ్రేక్, ఇంజిన్ బ్రేక్... జనం మూడింటినీ కలిపేసి వాడుతున్నారు. తేడా ఉందా?

#5 · గాలిగొట్టం

ఉంది. చాలా.

ఎగ్జాస్ట్ బ్రేక్ అంటే టర్బో తర్వాత పైపులో ఒక ఫ్లాప్. గాలి సిలిండరో, మోటారో దాన్ని మూస్తుంది. పిస్టన్లు పైకి వస్తూ మూసిన పైపులోకి గాలిని తోయాలి, వెనక ఒత్తిడి పెరుగుతుంది, అదే బ్రేకు. ఆ ఒత్తిడికి హద్దు ఉంది. మరీ పెరిగితే మ్యానిఫోల్డ్‌లోని గాలి పక్క సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌ని వెనకనుంచి తోసి, స్ప్రింగుని ఓడించి తెరిచేస్తుంది. వాల్వ్ తిరిగి సీటు మీద దబ్బున పడుతుంది. అందుకే చాలా ఫ్లాపుల్లో ఒక చిన్న రంధ్రమో, చుట్టూ సన్నటి సందో వదులుతారు. దాన్ని చూసి "లీకవుతోంది" అని వెల్డింగ్ పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు.

కొన్ని ఇంజిన్లలో ఫ్లాప్ ఉండదు, వేరియబుల్ టర్బోలోని రెక్కల్ని దగ్గరికి మూసి అదే పని చేయిస్తారు.

పైన రాసింది కంప్రెషన్ రిలీజ్. జేక్ బ్రేక్ అనేది జేకబ్స్ కంపెనీ పేరు మీద వచ్చిన ట్రేడ్‌మార్కు, వాడుకలో అందరిదీ అయిపోయింది. మూడో రకం బ్లీడర్: బ్రేక్ వేసినంతసేపూ ఎగ్జాస్ట్ వాల్వ్ సన్నగా తెరిచే ఉంటుంది. చప్పుడు తక్కువ, పట్టు కూడా తక్కువ. మెర్సిడెస్ పాత ఇంజిన్లలో దీనికోసం హెడ్‌లో విడిగా ఒక బుల్లి వాల్వే పెట్టారు. మాన్ వాళ్లు ఫ్లాప్‌నీ వాల్వ్ బ్రిడ్జిలోని చిన్న హైడ్రాలిక్ పిస్టన్‌నీ కలిపి వాడతారు. ఫ్లాప్ ఒత్తిడికి వాల్వ్ ఎగిరినప్పుడు దాన్ని మూసుకోనివ్వకుండా ఆయిల్‌తో పట్టి ఉంచడం వాళ్ల ఉపాయం. నేను పైన జబ్బుగా చెప్పినదాన్నే వాళ్లు మందుగా మార్చుకున్నారన్నమాట.

#6 · పాతపుస్తకం

చరిత్ర ఒక్క ముక్క. దీన్ని కనిపెట్టింది కమిన్స్ కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్. 1931లో అమెరికాలో కహోన్ కనుమ దిగుతుంటే ఆయన డీజిల్ ట్రక్కు బ్రేకులు చేతులెత్తేశాయి. కింద పట్టాల మీద గూడ్సు రైలు వెళ్తోంది, అది దాటిపోవడంతో వెంట్రుకవాసిలో తప్పింది. ఆ ఆలోచన ఆయన కంపెనీ నుంచి రిటైరయ్యాకే యంత్రమైంది. కమిన్స్, డెట్రాయిట్ ఇంజిన్లలో యూనిట్ ఇంజెక్టర్‌ని నొక్కే క్యామ్ సరిగ్గా టీడీసీ దగ్గరే లేస్తుంది కదా, ఆ కదలికనే అరువు తెచ్చుకుని ఎగ్జాస్ట్ వాల్వ్‌ని తెరవొచ్చని పట్టుకున్నాడు. డ్రిల్ చక్కులు చేసే జేకబ్స్ సంస్థ 1961లో అమ్మకానికి తెచ్చింది. 2022లో ఆ జేకబ్స్ వ్యాపారాన్ని కమిన్స్ కంపెనీయే కొనేసింది, తిరిగి తిరిగి ఇంటికే చేరింది.

#7 · పదహారు చక్రాలు

పైవాళ్లు లోపలిది చెప్పారు, నేను స్టీరింగ్ దగ్గరిది చెప్తాను. కొత్త స్టీరింగ్ బండిలో ఫాల్ట్ ఉన్నా లేకపోయినా ఇది తెలియాలి.

40 టన్నుల బండి, 6 శాతం వాలు. వాలు బండిని లాగే బలం సుమారు 23,500 న్యూటన్లు. గంటకు 30 కి.మీ. దగ్గర అది 196 కిలోవాట్లు. టైర్ల రాపిడి, గాలి కలిసి ఓ 22 తింటాయి. మిగిలిన 174 ఎవరో ఒకరు మింగాలి. అదే వాలు 60లో దిగితే 392లోంచి రాపిడి, గాలి తీసేయగా 335 పైనే. వాలు అదే, లోడు అదే, వేగం రెట్టింపు చేస్తే మింగాల్సిందీ దాదాపు రెట్టింపు.

ఆ 174నీ ఫుట్ బ్రేక్‌తోనే మింగించారనుకోండి. 5 కి.మీ. దిగుడు, 10 నిమిషాలు: 104 మెగాజూళ్లు. డ్రమ్ము 50 కిలోల చొప్పున పది డ్రమ్ములు, 500 కిలోల పోత ఇనుము. గాలికి చల్లారేది వదిలేస్తే 400 డిగ్రీలు పెరుగుతుంది. 400 మి.మీ. వ్యాసమున్న డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితేనే మిల్లీమీటరుకు పైగా ఉబ్బుతుంది. డ్రమ్ము లైనింగ్ నుంచి దూరం జరుగుతుంది, లైనింగ్‌ని డ్రమ్ము మీదికి తోసే పుష్‌రాడ్ స్ట్రోకు చాలదు, పైగా వేడికి లైనింగ్ పట్టే గుణమూ పోతుంది. "పెడల్ తొక్కుతుంటే గాలి ఉంది, బండి ఆగడం లేదు" అనేది ఇదే.

ఇంజిన్ బ్రేక్ బలం ఆర్‌పీఎంలో ఉంది. వోల్వో డీ13 ఇంజిన్ బ్రేక్ గరిష్ఠం 375 కిలోవాట్లు, కానీ అది 2300 ఆర్‌పీఎం దగ్గర. 1400, 1500కి వచ్చేసరికి చాలా ఇంజిన్లలో సగం దరిదాపుల్లోనే ఉంటుంది. కారణాలు రెండు: సెకనుకి ఊడబీకే సార్లు తగ్గుతాయి, టర్బో నెమ్మదించి ఒక్కోసారి నొక్కే గాలీ తగ్గుతుంది.

కాబట్టి 1300లో దిగుతూ "బ్రేక్ పట్టడం లేదు" అంటే తప్పు బ్రేక్‌ది కాదు, గేరుది. మెట్టుకి 1.28 నిష్పత్తి ఉన్న 12 గేర్ల పెట్టెలో ఒక గేరు దించితే 1300 కాస్తా 1650 అవుతుంది, రెండు దించితే 2100. ఈ దించడం వాలు మొదలుకాకముందే అయిపోవాలి. దిగుడు మధ్యలో మాన్యువల్ పెట్టెలో గేరు తీసి, వేయలేక, న్యూట్రల్‌లో ఇరుక్కుంటే ఇంజిన్ బ్రేక్ సున్నా. క్లచ్ తొక్కినా సున్నాయే.

మరో చివర కూడా చూసుకోండి. గవర్నర్ (ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు) ఇంధనాన్ని ఆపగలదు కానీ, వాలు తోసే బండిని ఆపలేదు. బ్రేక్‌కి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ ఆర్‌పీఎం దాటితే వాల్వ్ స్ప్రింగులు క్యామ్ వెంట నడవలేవు, వాల్వ్ పిస్టన్‌ని ముద్దాడుతుంది. సూది అక్కడికి వస్తుంటే ఫుట్ బ్రేక్ గట్టిగా ఒకసారి వేసి ఓ 8 కి.మీ. తగ్గించండి, వదిలేయండి, మళ్లీ పెరిగితే మళ్లీ. 40 అనుకుంటే 40లో వేసి 32లో వదలడం. సన్నగా తొక్కిపెట్టి కూర్చోవడం మాత్రం వద్దు.

#8 · సందేహాల సంచి

ఇంజిన్ బ్రేక్ ఎక్కువ వాడితే ఇంజిన్ ఆయుష్షు తగ్గుతుందని మెకానిక్‌లే అంటారు. డీజిల్ కూడా తాగుతుందట. ఏది నిజం?

#9 · గాలిగొట్టం

డీజిల్ మాట అబద్ధం. బ్రేక్ పడాలంటే ఇంధనం సున్నా అవ్వాలి, అది మొదటి షరతు.

ఆయుష్షు మాటలో సగం సగం. దహనం లేదు కాబట్టి పిస్టన్‌కి, రింగులకి మామూలు లాగుడు కంటే భారం తక్కువే. భారమంతా వాల్వ్ తెరిచే వరుస మీద. 45 మి.మీ. వాల్వ్ తల వైశాల్యం సుమారు 1590 చదరపు మి.మీ. సిలిండర్‌లో 40 బార్ ఉంటే దాని మీద 6360 న్యూటన్లు, అంటే 650 కిలోల బరువు. ఆ బరువుని ఎత్తి వాల్వ్‌ని తెరవాలి, సెకనుకి పదిహేను పదహారు సార్లు, ప్రతి సిలిండర్‌లోనూ. రెండు వాల్వ్‌లూ తెరిస్తే రెట్టింపు, అందుకే చాలా డిజైన్లలో రెండిట్లో ఒకదాన్నే తెరుస్తారు. క్యామ్, రోలర్, రాకర్ బుష్, గేర్లు ఆ భారానికి తగ్గట్టు చేసినవే. ఆయిల్ సరిగ్గా ఉండి, లాష్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్ మీటకీ మధ్య సందు, టాపెట్లు సెట్ చేయడమంటే ఇదే) సరిగ్గా ఉంటే అరుగుదల లెక్కలోకి రాదు. ఆయిల్ మార్చకుండా, లాష్ చూడకుండా వాడితే మాత్రం మెకానిక్ అన్నదే నిజమవుతుంది.

#10 · కొత్త స్టీరింగ్

డాక్టర్ గారూ, అంకెలు ఇవిగో. రెండు దిక్కుల సగటు, 1800 నుంచి 1300కి:

ఆఫ్ 19 సెకన్లు
మెట్టు 1: పదకొండున్నర
మెట్టు 2: 19
మెట్టు 3: పదకొండున్నర

రెండో మెట్టులో అసలు లేదు! మూడోది అచ్చం మొదటిదే.

#11 · టాపెట్ డాక్టర్

బంగారంలాంటి అంకెలు. జబ్బు సగం దొరికింది.

ఈ రకం స్విచ్చుల వైరింగ్ ఇలా ఉంటుంది: రాకర్ల మీద మూడు బ్రేక్ హౌసింగులు, ఒక్కోటి రెండు సిలిండర్లకి. మొదటి మెట్టులో మధ్య హౌసింగ్ ఒక్కటే, రెండు సిలిండర్లు. రెండో మెట్టులో మధ్యది ఆగి ముందుదీ వెనకదీ పని చేస్తాయి, నాలుగు సిలిండర్లు. మూడో మెట్టులో మూడూ. డెట్రాయిట్ సిరీస్ 60లో ఈ పద్ధతే. నీ బండిలో ముందు, వెనక హౌసింగులు రెండూ నిద్రపోతున్నాయి. అందుకే రెండు అంటే సున్నా, మూడు అంటే ఒకటి.

వర్క్‌షాప్ మాట ఎందుకు తప్పంటే, లాష్ తేడా వస్తే అన్ని మెట్లలోనూ కొంచెం కొంచెం తగ్గుతుంది. ఒక మెట్టు మొత్తం మాయమవదు. అలాగే ఒక్క సోలినాయిడ్ (హౌసింగ్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్) పోయి ఉంటే రెండో మెట్టులో ఇంకా రెండు సిలిండర్లు మిగిలేవి. రెండు సోలినాయిడ్లు ఒకేరోజు చావడం అరుదు. కాబట్టి ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించు: వాల్వ్ కవర్ దగ్గర లోపలికి వెళ్లే ప్లగ్గు, దాని పిన్ను, లోపలి హార్నెస్ (తీగల కట్ట), ఆఖరికి ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) లోపల ఆ తీగకి కరెంటు పంపే డ్రైవర్ సర్క్యూట్. కొన్ని పాత ఈసీఎంలు ఈ లైను తెగినా లైటు వెలిగించకపోవచ్చు, అది చూసి మోసపోకు.

వరుస ఇది. ఇంజిన్ ఆపి, బయటి ప్లగ్గు ఊడదీసి, ఇంజిన్ వైపు పిన్నుల్లో ఒక్కోదానికీ ఇంజిన్ బాడీకీ మధ్య ఓమ్‌లు చూడు. మధ్య హౌసింగ్ పిన్ను ఒక అంకె చూపిస్తుంది. ముందు, వెనక సోలినాయిడ్లు ఒకే తీగ మీద సమాంతరంగా ఉంటే రెండో పిన్ను సుమారు దాంట్లో సగం చూపించాలి. సగం వస్తే లోపల అంతా బాగున్నట్టే, స్విచ్, ఈసీఎం వైపు వెళ్లు. సగం కాకుండా పూర్తి అంకె వస్తే ఒక సోలినాయిడ్ తెగింది. అనంతం చూపిస్తే ఉమ్మడి తీగే తెగింది, కవర్ విప్పాలి. సున్నా దగ్గర ఉంటే తీగ ఒరుసుకుని బాడీకి తగులుతోంది.

లోపలి భాగం బాగుందో లేదో ఇంకో పద్ధతిలోనూ తేల్చొచ్చు: ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో ఉండగా, ప్లగ్గు ఊడదీసే ఉంచి, ఫ్యూజు ఉన్న తీగతో ఇంజిన్ వైపు పిన్నుకి బండి వోల్టేజీ ఒక్క క్షణం ఇవ్వు. శబ్దం మారి ఆర్‌పీఎం కిందికి జారితే హైడ్రాలిక్స్ బతికే ఉన్నాయి. ఈసీఎం వైపు పిన్నుకి మాత్రం పొరపాటున కూడా వోల్టేజీ పెట్టకు, డ్రైవర్ సర్క్యూట్ కాలిపోతుంది. ఐడిల్‌లో ఇంధనం పడుతూ ఉంటుంది కాబట్టి సెకనుకి మించి పట్టి ఉంచకు.

బాగయ్యాక ఎంత రావాలో లెక్క కట్టి పెట్టుకో. 100ని సెకన్లతో భాగించు. ఆఫ్ 5.3, మెట్టు ఒకటి 8.7. అంటే రెండు సిలిండర్ల వాటా 3.4. నాలుగైతే 5.3కి 6.8 కలిపి 12.1, అంటే 8.3 సెకన్లు. ఆరైతే 15.5, ఆరున్నర సెకన్లు.

#12 · వాల్వ్‌గైడ్

డాక్టర్ గారు కరెంటు వైపు చెప్పారు. కవర్ విప్పేవాళ్లకి ఆయిల్ వైపు కూడా తెలియాలి, ఎందుకంటే ఈ బ్రేక్ కరెంటుతో తెరిచి, ఆయిల్‌తో పని చేస్తుంది.

సోలినాయిడ్ తెరుచుకోగానే ఇంజిన్ ఆయిల్ కంట్రోల్ వాల్వ్ కిందికి వస్తుంది, దాన్ని ఎత్తి, లోపలి బాల్ చెక్ వాల్వ్ దాటి, మాస్టర్ పిస్టన్‌కీ స్లేవ్ పిస్టన్‌కీ మధ్య గదిలో నిండుతుంది. వెనక్కి పోలేదు. ఇప్పుడు ఇంజెక్టర్ రాకర్ మాస్టర్‌ని తోస్తే, బంధించిన ఆయిల్ ఇనప కడ్డీలా స్లేవ్‌ని తోస్తుంది, స్లేవ్ ఎగ్జాస్ట్ వాల్వ్‌ని తెరుస్తుంది. స్విచ్ ఆపితే సోలినాయిడ్ ఆయిల్‌ని బయటికి వదులుతుంది, కంట్రోల్ వాల్వ్ దిగి గది ఖాళీ అవుతుంది. ఇప్పటి చాలా ఇంజిన్లలో మాస్టర్, స్లేవ్ జంట లేదు, బ్రేక్‌కి విడిగా క్యామ్ లోబు, రాకర్‌లోనే చిన్న పిస్టన్ ఉంటాయి. ఆయిల్‌ని బంధించే సూత్రం మాత్రం అదే.

ఇందులోంచే జబ్బులన్నీ వస్తాయి:

ఆయిల్‌లో గాలి బుడగలుంటే కడ్డీ కాస్తా స్పాంజి అవుతుంది. ఆయిల్ తక్కువున్నా నురగే, డిప్‌స్టిక్ దాటి పోసినా క్రాంక్ చిలికి నురగే. ముందు డిప్‌స్టిక్ చూడకుండా స్పానర్ పట్టొద్దు.

ఇంజిన్ చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా ఉండి నిండటం, ఖాళీ అవడం రెండూ ఆలస్యమవుతాయి. అందుకే ఈసీఎం వేడెక్కేదాకా బ్రేక్ ఇవ్వదు. కూలెంట్ సెన్సర్ తప్పు చూపించినా అదే ఫలితం. క్లచ్ స్విచ్, యాక్సిలరేటర్ సున్నా సిగ్నల్, ఏబీఎస్ ఫాల్ట్... వీటిలో ఏది తేడా చేసినా మూడు మెట్లూ పోతాయి. ఒక మెట్టు మాత్రమే పోతే ఇవి కావు.

సోలినాయిడ్ అడుగున ఓ-రింగులు గట్టిపడి లీకైతే ఒత్తిడి చాలక ఒక హౌసింగ్ బలహీనమవుతుంది. వేడెక్కేకొద్దీ తగ్గిపోయే బ్రేక్‌కి సాధారణంగా ఇదే కారణం.

అన్నిటికన్నా చెడ్డది: స్విచ్ ఆపినా ఒక సిలిండర్ బ్రేక్‌లోనే ఉండిపోవడం. కంట్రోల్ వాల్వ్ చెత్తతో బిగుసుకుంటే ఇలా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంధనం పడుతుంది, వాల్వ్ మాత్రం టీడీసీ దగ్గర తెరుచుకుంటూనే ఉంటుంది. మంట నేరుగా మ్యానిఫోల్డ్‌లోకి. పొగ, మిస్సింగ్, గట్టి టకటక. అలా ఉంటే వెంటనే ఆపేయాలి, "నెమ్మదిగా పోదాం" అనుకుంటే ఎగ్జాస్ట్ వాల్వో టర్బోనో బలి.

#13 · లోడుబండి

వానలో వాడొచ్చా లేదా, ఒక్క మాటలో?

#14 · పదహారు చక్రాలు

ఒక్క మాటలో అయితే వద్దు. రెండో మాట: ఇంజిన్ బ్రేక్ బలమంతా డ్రైవ్ యాక్సిల్ టైర్ల మీదే. ట్రైలర్ చక్రాలకి, ముందు చక్రాలకి సంబంధం లేదు. ఖాళీ బండిలో డ్రైవ్ టైర్ల మీద బరువు ఉండదు, తడిలో పట్టు ఉండదు. రెండూ కలిసిన రోజు మూడో మెట్టు వేస్తే డ్రైవ్ టైర్లు జారతాయి, వెనక ట్రైలర్ తోస్తూనే ఉంటుంది, ట్రాక్టర్ మడత కత్తిలా మడుచుకుంటుంది. ఏబీఎస్ ఉన్న బండ్లలో చక్రం జారగానే ఇంజిన్ బ్రేక్‌ని కట్ చేస్తుంది, మంచిదే. కానీ అప్పటికి జారుడు మొదలైందన్నమాటే. లోడు, కొద్దిపాటి తడి ఉంటే మొదటి మెట్టు, తిన్నటి రోడ్డు మీద. మంచు, బురద, ఖాళీ బండి అయితే ఆఫ్. క్రూయిజ్‌తో ఇంజిన్ బ్రేక్ ముడిపడి ఉన్న బండ్లలో తడి రోడ్డు మీద క్రూయిజ్ కూడా ఆఫ్, ఎందుకంటే అది డ్రైవర్‌ని అడక్కుండా వేస్తుంది.

#15 · సందేహాల సంచి

రిటార్డర్ ఉన్న బండికి ఇంజిన్ బ్రేక్ ఎందుకు మరి?

#16 · గాలిగొట్టం

హైడ్రాలిక్ రిటార్డర్ గేర్‌బాక్స్ వెనక కూర్చుని నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టుకుంటుంది. స్కానియా ఆర్4100డీ అయితే 4100 న్యూటన్ మీటర్లు. చప్పుడు లేదు, గేరు మారుస్తున్నా వదలదు. కానీ మింగిన వేడంతా కూలెంట్‌కి ఇస్తుంది. పొడుగు దిగుడులో కూలెంట్ వేడెక్కితే తనంతట తనే తగ్గించుకుంటుంది. ఇంజిన్ బ్రేక్ వేడి మాత్రం చాలావరకు గాలితోపాటే బయటికి పోతుంది. రిటార్డర్ వాడేటప్పుడు కూడా గేరు దించి ఆర్‌పీఎం ఎక్కువ ఉంచమనేది అందుకే: వాటర్ పంపు, ఫ్యాను వేగంగా తిరగాలి. నెమ్మదిగా పోయేటప్పుడు రిటార్డర్ బలహీనం, అక్కడ ఇంజిన్ బ్రేకే దిక్కు.

#17 · కొత్త స్టీరింగ్

ఓమ్‌లు చూశాం. మధ్య పిన్ను అంకె చూపిస్తోంది, రెండో పిన్ను అనంతం. వాల్వ్ కవర్ విప్పితే లోపలి హార్నెస్‌లో, ప్లగ్గు వెనక రెండు అంగుళాల దూరంలో తీగ క్లిప్ దగ్గర లోపల తెగి ఉంది. పై ప్లాస్టిక్ మాత్రం నిలిచే ఉంది, చూపుకి బాగున్నట్టే కనిపిస్తోంది. లాగితే సాగింది. హార్నెస్ మారుస్తున్నాం. కవర్ ఎలాగూ విప్పాం కాబట్టి లాష్ కూడా చూసేయమంటారా?

#18 · వాల్వ్‌గైడ్

తప్పకుండా. అతుకు వేయకుండా హార్నెస్ మార్చడం మంచి పని. వేడి ఆయిల్‌లో టేపు అతుకు నిలవదు.

లాష్ వరుస తప్పొద్దు: ముందు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు, ఆ తర్వాతే బ్రేక్. బ్రేక్ సందు ఎగ్జాస్ట్ బ్రిడ్జి నుంచి కొలుస్తారు కాబట్టి ఎగ్జాస్ట్ మారితే బ్రేకూ మారిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి, కమిన్స్ వాళ్లయితే కూలెంట్ 60 డిగ్రీల లోపు అంటారు. ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌లు పూర్తిగా మూసుకుని ఉన్న గుర్తుకి క్రాంక్ తిప్పాలి.

అంకె మీ ఇంజిన్ ప్లేట్ మీదదే వాడండి, పక్క ఇంజిన్‌ది కాదు. ఎంత తేడా ఉంటుందంటే, కమిన్స్ ఐఎస్ఎక్స్15లో ఇన్‌టేక్ 0.35, ఎగ్జాస్ట్ 0.68, బ్రేక్ 7.00 మి.మీ. అక్కడ బ్రేక్ రాకర్ విడిగా ఉంటుంది కాబట్టి అంత పెద్ద అంకె. స్లేవ్ పిస్టన్ హౌసింగులున్న ఇంజిన్లలో మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకదాని అంకె ఇంకోదానికి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సందు ఎక్కువైతే వాల్వ్ ఆలస్యంగా, కొంచెమే తెరుచుకుంటుంది, బ్రేక్ బలహీనం. తక్కువైతే వాల్వ్ ఎక్కువ దిగి పిస్టన్‌కి తగలొచ్చు, లేదా మామూలు నడకలోనే సన్నగా తెరిచి ఉండి సీటు కాలిపోతుంది. బలహీనమైన బ్రేక్‌ని "కొంచెం బిగిద్దాం" అని సరిచేయకూడదనేది ఇందుకే.

ఫీలర్ సన్నగా పట్టేలా స్క్రూ తిప్పి, స్క్రూని పట్టుకుని లాక్‌నట్ టార్క్ రెంచ్‌తో బిగించి, మళ్లీ ఫీలర్ పెట్టి చూడండి. నట్ బిగుస్తూ స్క్రూని తనతో తిప్పుకుపోతుంది, చాలామంది వదిలేసేది ఈ రెండో చూపే. స్లేవ్ పిస్టన్ వెనక పాత ఆయిల్ మిగిలి ఉంటే అది పిస్టన్‌ని కిందికి పట్టి ఉంచి సందు తక్కువగా చూపిస్తుంది. స్క్రూని కొంచెం ఎక్కువ దించి, ఆయిల్ కారిపోయేదాకా ఆగి, అప్పుడు వెనక్కి తీసి సెట్ చేయండి. కొన్ని స్క్రూల లోపల స్ప్రింగు బిగించి ఉంటుంది, వాటిని విప్పి చూడాలనే కుతూహలం వద్దు, ముఖం మీదికి వస్తుంది.

#19 · కొత్త స్టీరింగ్

అయిపోయింది. కొత్త హార్నెస్, క్లిప్ దగ్గర రబ్బరు గొట్టం తొడిగాం. లాష్‌లో ఐదో సిలిండర్ బ్రేక్ ఒక్కటే వదులుగా ఉంది, మిగతావి సరిపోయాయి. అదే రోడ్డు, అదే లోడు, రెండు దిక్కుల సగటు:

ఆఫ్ 19
మెట్టు 1: పదకొండున్నర
మెట్టు 2: ఎనిమిదిన్నర
మెట్టు 3: ఆరున్నర

#20 · టాపెట్ డాక్టర్

లెక్కకి 0.2 సెకను దూరం, చేతి గడియారానికి అంతకన్నా ఏం కావాలి. ఈ నాలుగు అంకెలూ, రోడ్డు ఏదో, లోడు ఎంతో సర్వీస్ పుస్తకంలో రాసి పెట్టు. మెట్టు 3 మాత్రమే పెరిగి ఏడు దాటిందంటే మళ్లీ కవర్ విప్పే ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టాల క్లాంపులు చూడు. ఆ చోట గాలి కారితే ఇంజిన్ బ్రేక్ కూడా నీరసిస్తుంది.